సీతాబాయి ప్రకటన

“నువ్వు ఇంట్ల ఖాళీగనే ఉంటవు గద, జర ఈ పేపర్లు సూడు” అన్నాడు వెంకటనారాయణ, మూడు గోనెసంచులు వసారాలో దింపి.

ఖాళీ! నాలుగింటికి లేచిన కనకలక్ష్మి అప్పటిదాకా నడుం వాల్చలేదు. వాకిలి ఊడ్చి, బాయి నుంచి పది బిందెలు మోసి, పేడ తీసి, ఇంటెడు బట్టలుతికి అప్పుడే వచ్చి కూచుంది. ఆ పని జరిగినన్నాళ్లు అతని కంటికి ఆనదు. ఒక్కపూట ఆగితే మాత్రం ఇట్టే ఆనుతుంది.

సంగతేమంటే, ఆమె మామ బాలనర్సయ్య పోయి ఏడాది కావస్తోంది. ఏడాది మాసికం నాటికి వంశచరిత్ర అచ్చేయించి పుప్పాలగూడలో ఇంటింటికీ పంచాలని బడిపంతులైన కొడుకు, ఆమె మొగుడు వెంకటనారాయణ పట్టుదల. ఊళ్లో పాత పంతులు రామచంద్రం సారు 1950 నుంచీ దాచుకున్న వారపత్రికలు దొరికితే మోసుకొచ్చాడు. “నాయిన పేరు ఎక్కడ కనవడ్డా కత్తిరించు. నీ రాత మంచిగుంటది, కాపీ గూడ నువ్వే రాయి. కింద నా పేరు ఏస్త” అన్నాడు. ఎంత పెద్ద మనసో!

తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించి పెళ్లి చేశారు గానీ, అక్షరం కనబడితే కనకలక్ష్మికి ప్రాణం లేచొస్తుంది. వారం రోజులు పనికీ పనికీ మధ్య దొరికిన సందుల్లో చదివింది. బడికి స్థలమిచ్చిన వార్తలో ఒకసారి, పంచాయతీ ఎన్నికల వార్తలో ఒకసారి మామ పేరు దొరికింది. మూడోసారి 1951 నాటి పత్రిక చివరి పేజీలో దొరికింది.

“ప్రకటన. పుప్పాలగూడ బాలనర్సయ్య భార్య సీతాబాయి తెలియజేయునది. నేను బావిలో పడి చచ్చితినని నా భర్త ఊరిలో చెప్పుచున్నాడట. నేను చావలేదు. దెబ్బలు పడలేక వెడలి వచ్చితిని. బోరబండలో మా మేనత్త ఇంట బట్టలు కుట్టుకొని బతుకుచున్నాను. ఎల్లరు గమనింపగలరు.”

కనకలక్ష్మికి ఒళ్లు మండింది. సీతాబాయంటే ఈ ఇంట్లో దయ్యం! ఆమె పట్టిపీడించకుండా రెండో భార్యగా వచ్చిన అత్త సత్తెమ్మ సవతి పేర వెండి బిళ్ళ చేయించుకుని మెడలో వేసుకుంది. ఏటేటా పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు చీర పెట్టి, గారెలు వండి, “తల్లీ, మా జోలికి రాకు” అని దండాలు పెడతారు. కనకలక్ష్మికి మూడో నెలలో కడుపు పోతే “సీతాబాయి కండ్లు వడ్డయి” అని తొమ్మిది మంగళవారాలు పస్తులుంచారు. ఆ నెలంతా ఆమె చేత మోయించిన బిందెల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఏ మాటకు ఎదురు చెప్పినా మొగుడిది ఒకటే పాట: “సీతాబాయి లెక్క బాయిల వడుతవా ఏంది?”

బియ్యం ఏరుతున్న అత్త దగ్గర కూర్చుని ప్రకటన చదివి వినిపించింది. సత్తెమ్మ చాట పక్కన పెట్టింది.

“ఇంకోపారి సదువు.”

చదివింది.

“బతికున్నదానికి నేను ఇరవై అయిదేండ్లు దండాలు వెట్టిన్నా?” సత్తెమ్మ మెడలోని వెండి బిళ్ళ పట్టుకుని చూసుకుంది. “నోరు లేవనిస్తే గద! ‘దాని గతే నీకు వడ్తది’ అనేటోడే మీ మామ. పదిహేనేండ్ల పిల్లను నేను, ఎంత భయపడ్డనో నీకేమెరుక పిల్లా!”

సాయంత్రం బడి నుంచి వచ్చిన వెంకటనారాయణ ఆ కాగితం చూసి భగ్గుమన్నాడు. “గిది ఎవరు కత్తిరించుమన్నరు?”

“నువ్వే. నాయిన పేరు ఎక్కడ కనవడ్డా కత్తిరించుమంటివి.”

“పొయ్యిల వెట్టు. మొదటి భార్య ప్రమాదంల చనిపోయిందని రాయి. సచ్చినోని పరువు తీస్తవా?”

“నేను రాయ.”

“ఏందీ?”

“అబద్ధం నా చేత్తోటి రాయ.”

“మస్తు ఎగురుతున్నవ్! వంశచరిత్రల నీ పేరు లేకుంట కొట్టేస్త, జాగ్రత్త!”

కనకలక్ష్మికి ఆపుకోలేనంత నవ్వొచ్చింది. వంశచరిత్ర కోసం అతను చెబితే తను రాసిపెట్టిన ఏడు తరాల పట్టీ తెచ్చి అతని ముందు పరిచింది. తండ్రి, కొడుకు, మనుమడు. నలభై మూడు పేర్లు. వాళ్లను కన్నవాళ్లు ఒక్కరూ లేరు.

“ఏడున్నది నా పేరు? సూపెట్టు, నేనే కొట్టేస్త.”

అతను పట్టీ పైనుంచి కిందిదాకా వెతికాడు. ఆమె ప్రకటన మడిచి రవికెలో దోపుకుంది.

“రేపు బోరబండకు పోతున్న. ఇక్కడికి ఏడు మైళ్లు గూడ లేదు. సీతాబాయి ఉంటే ఆమెనే అడిగి రాస్త. లేకుంటే ఆమె రాసిందే అచ్చేయిస్త.”

“మరి రేపు వంటెవరు చేస్తరు?” అన్నాడు. అదంతా విని అతనికి తోచింది అదే.

లోపల పెట్టె తెరిచిన చప్పుడైంది. సత్తెమ్మ మంచి చీర చంకన పెట్టుకుని గడపలోకి వచ్చింది.

“నువ్వు వండుకో బిడ్డా. నేను మా అక్కను సూడ వోతున్న.”