పదకొండుమంది మార్తలు

"వసూ, ఇవాళ ఆ ఆఫ్రికా వాళ్ళని కాస్త క్లీన్ చేసెయ్యి," అన్నాడు మా ఆయన చంద్రశేఖర్ పెసరట్టు తుంచుకుంటూ. బాత్రూమ్ కడిగెయ్యమని చెప్పేటప్పుడు కూడా ఇదే గొంతు. చెప్పి, అల్లప్పచ్చడి ఇంకాస్త వెయ్యమని కంచం జరిపాడు.

ఆఫ్రికా వాళ్ళంటే ఎవరో కాదు, మా పడగ్గదిలోని కంప్యూటర్‌లో ఆరునెలలుగా కాపురముంటున్నవాళ్ళు. న్యాసా సరస్సు ఒడ్డున వందేళ్ళ కిందట తెల్లదొరలు నడిపిన ఒక మిషన్ తాలూకు బాప్తిస్మాల రిజిస్టర్లు. అసలు పుస్తకాలు చెదలు తిని పొడైపోయాయట, ఫొటోలు మాత్రం మిగిలాయి. వాటిని చూసి జాబితా తయారుచెయ్యమని లండన్‌లోని ఒక గ్రంథాలయం రాఫెల్స్ ప్లేస్‌లో ఉన్న మా ఆయన కంపెనీకి పని అప్పజెప్పింది. ప్రాజెక్టు ఆయనది. పని నాది. చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్ పన్నెండో అంతస్తు, కిటికీలోంచి ఎదుటి బ్లాకు వాళ్ళ బట్టల దండేలు కనిపిస్తాయి. వాటిని చూస్తూ, కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ, మధ్య ఆఫ్రికా ఆడవాళ్ళ పేర్లు కొడుతుంటాను.

ఈ పరాయి దేశంలో పని చేసుకోవడానికిచ్చిన నా పర్మిట్ మీద ఉద్యోగం పేరు టైపిస్టు. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్రలో ఎమ్మే, అదీ ఫస్టు క్లాసులో చదివినదాన్ని టైపిస్టునెందుకయ్యానంటే, సర్టిఫికెట్ మీదున్న మనిషినీ పాస్‌పోర్టు మీదున్న మనిషినీ కలిపే కాగితం నా దగ్గర లేదు. సర్టిఫికెట్ మీద ప్రభావతి. పాస్‌పోర్టు మీద వసుంధర. మా అత్తగారి పేరు కూడా ప్రభావతే కావడం నేను చేసుకున్న పాపం. పెళ్ళిచూపుల్లోనే ఆవిడ తేల్చి చెప్పేశారు, "చూడమ్మా, రేపు మావాడు కోపంలో 'ఏమే ప్రభావతీ' అని కేకేస్తే నన్ను తిట్టినట్టుండదూ? ఒకింట్లో ఇద్దరు ప్రభావతులేమిటి, చోద్యం కాకపోతే!" అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. కేకెయ్యకుండా ఉండొచ్చు కదా అని ఒక్కరికీ తోచలేదు, నాతో సహా. పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టి, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో వసుంధర అని రాయించారు. ఆ బియ్యంతోనే మర్నాడు పరమాన్నం వండారు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్టు చేయిద్దామండీ అని ఈ దేశం వచ్చిన మూడేళ్ళలో ఎన్నిసార్లన్నానో. "టైపింగుకి ఎమ్మే ఎందుకే?" అంటాడీయన.

ఆయన ట్రైన్ అందుకోవడానికి పరుగెత్తాక గిన్నెలు తోమి, బట్టలు వెదురుకర్రలకి గుచ్చి కిటికీ బయట ఆరేసి, వచ్చి కూర్చున్నాను. క్లీన్ చెయ్యడమంటే ఆయన రాసిన ప్రోగ్రామ్ ఒకటి నడపాలి. రెండుసార్లు పడ్డ మనుషుల్ని అది తీసేస్తుంది. పేరూ, భర్త పేరూ ఒకటే అయితే మనిషి ఒకటే అని దాని నమ్మకం. నడిపాను. ఐదు నిమిషాల్లో జాబితా చిక్కిపోయింది. నేను కొట్టిన పేర్లు నాకు తెలియవూ? అనుమానమొచ్చి మార్త కోసం వెతికాను. యోహాను భార్య మార్త అని పదకొండుమంది ఉండాలి. ఒక్కతే ఉంది.

ఆ మిషన్ దొరగారికి మార్త అనే పేరెందుకంత ముద్దో. బైబిల్లో మార్త అంటే, ఇంటికి అతిథులొస్తే వంటా వార్పులతో సతమతమై, నాకొక్కదానికే ఈ చాకిరీ ఏమిటని విసుక్కున్న ఆవిడ. పాపం, న్యాయమే అడిగింది. ఈ దొరగారు వచ్చిన ఆడదానికల్లా నీళ్ళు చల్లి ఆ పేరే పెట్టాడు, మగవాళ్ళలో సగంమందిని యోహానుల్ని చేశాడు. అలాగని దొరని నోరారా తిట్టిపోద్దామంటే మనసొప్పదు. బానిసలుగా గొలుసులతో సముద్రం వైపు నడిపించుకుపోతున్న ఆడవాళ్ళు తప్పించుకుని ఆ మిషన్ గోడల మధ్యకే వచ్చి పడ్డారు. అక్కడే అక్షరాలు నేర్చుకున్నారు. చదువు చెప్పిన చెయ్యే పేరు కొట్టేసింది. మంచీ చెడూ కలగలిసిపోయిన ఇలాంటివి చూస్తే నాకు మా పుట్టింటివాళ్ళు గుర్తొస్తారు. నన్ను ఎమ్మే చదివించిందీ మా నాన్నే, ఆ రోజు నవ్విందీ ఆయనే.

రిజిస్టరు అంచున పెన్సిల్‌తో సన్నటి అక్షరాలుంటాయి. ఎవరు రాశారో తెలియదు, దొరగారి చేతిరాత మాత్రం కాదు. ప్రతి మార్త పక్కనా ఆమె పాత పేరు. చిసోమో, తమాండా, మ్ఫత్సో. ఆ కాలమ్ కొట్టక్కర్లేదని చంద్రశేఖర్ మొదటే చెప్పాడు. నేను కొట్టాను. అందులోనే తెలిసింది, ఒక యోహానుకి నిజంగానే ఇద్దరు మార్తలున్నారని. ఇద్దరు పెళ్ళాలున్నవాడికి బాప్తిస్మం ఇవ్వరు, ఒకర్ని వదిలెయ్యాలని మిషన్ నియమం. అతను పెద్దామెని వదిలేశాడు. ఆవిడే చిసోమో. చిన్నామె తమాండా మార్త అయింది. ఏడేళ్ళ తర్వాత చిసోమో ఎవరూ పిలవకుండానే తనంతట తనే బాప్తిస్మానికి వచ్చింది. ఆవిడకీ మార్త అనే పెట్టారు. 'యోహాను భార్య, విడిచిపెట్టబడినది' అని రాశారు. ఒకసారి మొగుడు తుడిచేశాడు, ఒకసారి దొర తుడిచేశాడు, ఇవాళ పెసరట్టు తిని ఆఫీసుకెళ్ళిన మా ఆయన తుడిచేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫోన్ చేశాను.

"పదిమంది మనుషులు పోతున్నారండీ. వాళ్ళు వేరువేరు."

"పేరొకటే, మొగుడి పేరొకటే. ఇంకేం తేడా?"

"పాత పేర్లు వేరండీ. నేను కొట్టి ఉంచాను."

"వద్దన్నానా లేదా! మనల్ని ఆ కాలమ్ ఎవరడిగారు? నాకు మీటింగుంది వసూ. ఎవడు చూడొచ్చాడు? సాయంత్రంలోగా పంపించెయ్." పెట్టేశాడు.

ఎవడు చూడొచ్చాడు. నిజమే, ఎవరూ చూడకపోవచ్చు. కానీ అసలు పుస్తకాలు లేవు. ఏ మనవరాలి మనవరాలో తన అవ్వ ఎవరని వెతుక్కుంటూ వస్తే దిక్కు ఈ జాబితా ఒక్కటే. ఇందులో లేకపోతే ఆవిడ ఇక ఎక్కడా లేనట్టే.

ఒకటిన్నరకి మా అమ్మాయి ధనశ్రీ బడి నుంచి వచ్చింది. సాంబారన్నం కలిపి పెడుతూ, ఊరికే, దానికి చెప్పినట్టు చెప్పాను. ఎనిమిదేళ్ళ పిల్ల, చెంచా నోట్లో పెట్టుకుని ఆలోచించి, ఇక్కడి బడి ఇంగ్లీషులో అంది.

"మై క్లాస్ గాట్ త్రీ సితీ, అమ్మా. టీచర్ నెవర్ డిలీట్ ఎనీబడీ లా!"

సితీ అంటే ఇక్కడి మలయ్ ఆడపిల్లల్లో ఇంటికొకరికుండే పేరు. "మరేం చేసింది మీ టీచర్?"

"షీ జస్ట్ ఆస్క్, విచ్ సితీ?"

అంతే కదా, అడిగితే సరిపోయేది. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. పిల్ల చూడకుండా కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

కంచాలు సింకులోనే వదిలేసి కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఎంగిలి కంచాలు అలా వదిలెయ్యడం ఇదే మొదటిసారి. పాత ఫైలు తెరిచాను. పదకొండుమందినీ, వాళ్ళలాగే మాయమైన మరియలనీ రూతులనీ ఒక్కొక్కరినీ ఫొటోతో పోల్చి చూసుకుంటూ వెనక్కి తెచ్చాను. పాత పేరు కాలమ్‌ని చివరినుంచి తీసి ముందుకి పెట్టాను. చిసోమో అని కొట్టేటప్పుడు పైకి అన్నాను. పలకడం సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు.

లండన్‌కి పంపేముందు నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది, జాబితా తయారుచేసినవారు అని. ఆరునెలలుగా అందులో చంద్రశేఖర్ అని నేనే కొడుతున్నాను. బీరువాలో పట్టుచీరల కింద ఉన్న సర్టిఫికెట్ తీసి పక్కన పెట్టుకున్నాను, అక్కడికి నా పేరు నేను మర్చిపోయినట్టు. ప్రభావతి, ఎమ్మే అని కొట్టాను. పంపాను. సర్టిఫికెట్‌ని మళ్ళీ చీరల కింద పెట్టలేదు. అఫిడవిట్టుకని హ్యాండ్‌బ్యాగులో పెట్టాను.

సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది.

"వసూ, లండన్ నుంచి మెయిలొచ్చింది. ఆ పాత పేర్ల కాలమ్ అద్భుతమంటోంది ఆ లైబ్రరీ ఆవిడ. నీకు చెప్పాను కదా, మంచి ఐడియా అని... అది సరేగానీ, ప్రభావతి ఎవరు, ఆవిడతో మాట్లాడాలి అంటోంది. నీకేమైనా మతిపోయిందా? మా అమ్మ పేరెందుకు వేశావక్కడ?"

తొమ్మిదేళ్ళ కాపురం. పీటల మీద మార్చకముందు, శుభలేఖలో తన పేరు పక్కన అచ్చు వేయించిన పేరు అదే. కిటికీ బయట నా చీర ఆరిపోయి గాలికి కర్రకి చుట్టుకుంటోంది. కోపం రాలేదు. చాలా నెమ్మదిగా, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పాను.

"మీ అమ్మగారు కాదండీ, నేను. మీ ఇంట్లో ఇద్దరం ఉన్నాం."