దేవుడి బియ్యం

నేను ఒక రేకు డబ్బాని. నూనె డబ్బాగా పుట్టాను. నాలో నూనె అయిపోయాక మిఠాయి కొట్టతను బయట పారేస్తే, పాస్టరమ్మగారు నాలాంటి ముప్పైమందిని పోగేయించి, బూడిదతో తోమించి, పొట్టమీద ఎర్రరంగుతో సిలువ వేయించారు. లోపలి జిడ్డు పూర్తిగా పోలేదు. అయినా ఆ రోజునుంచి నేను పరిశుద్ధమైన డబ్బానే. పైన రంగు పడితే మనుషులకి చాలు, లోపల ముక్కు పెట్టి చూసేవాళ్లు తక్కువ.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. వంటకి బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుడి పేరున డబ్బాలో వేయాలి. ఆదివారం మందిరంలో పాస్టరమ్మగారు పేరుపేరునా పిలిచి, అందరి ముందూ గోతం సంచిలోకి వంపుతారు. ఎవరి డబ్బా ఎంత నిండిందో ఆ చప్పుడే చెబుతుంది.

నేను సలోమమ్మ ఇంట పడ్డాను. పన్నెండేళ్లలో ఒక్క వారం కూడా ఆవిడ నన్ను వెలితిగా తీసుకెళ్లలేదు. శుక్రవారం ఉపవాసం, తెల్లవారుజామున ప్రార్థన, ఆదివారం గంజి పెట్టిన తెల్లచీర. గోడ అవతల ఇల్లు సొంత తోడికోడలు ఎస్తేరుది. చూరునీళ్లు ఎవరి వాకిట్లో పడాలన్న తగువుతో నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆరాధనలో పాస్టరయ్యగారు ఒకరితో ఒకరు సమాధానపడమనగానే సలోమమ్మ లేచి, మందిరమంతా తిరిగి, తగువులేని వాళ్లందరితోనూ చేతులు కలిపి వచ్చి కూర్చునేది. నాకు తికమక అప్పుడే మొదలైంది.

పోయిన వానాకాలం వారం రోజులు ముసురు పట్టింది. కూలిపనులు లేవు. ఎస్తేరు మొగుడు జ్వరంతో మంచాన పడ్డాడు. సలోమమ్మ ఇంట్లోనూ బస్తా అడుగంటింది. మరకి వేసిన ధాన్యం కరెంటు లేక అక్కడే ఉండిపోయింది. శనివారం పొద్దున ఆఖరి బియ్యం వండుతూ కూడా ఆవిడ అందులోంచి పిడికెడు తీసి నాలో వేసింది. తిని గిన్నెలు కడుగుతుంటే, గోడ అవతల ఎస్తేరు కూతురి గొంతు వినబడింది.

"అమ్మా, ఆ డబ్బాలో ఉన్నాయిగా."

"అయ్యి దేవుడియ్యే. ముట్టుకోకూడదు."

సలోమమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ మాట సలోమమ్మదే. ఎస్తేరు కొత్తకోడలిగా వచ్చినప్పుడు, కడుపు మాడినా దేవుడి గింజ ముట్టొద్దని నేర్పింది ఈవిడే. తగువులో తోడికోడలినే వదిలేసుకున్న ఎస్తేరు, ఆవిడ చెప్పిన మాటని మాత్రం వదల్లేదు.

సలోమమ్మ వచ్చి నా ముందు నిలబడింది. ప్రార్థన చేస్తోందనుకున్నాను గాని పెదాలు కదల్లేదు. చివరికి నన్ను చంకన పెట్టుకుని, కొంగు కప్పి, వానలో బయల్దేరింది. ఒకరోజు ముందే మందిరానికి తీసుకెళ్తోంది కాబోలనుకున్నాను. పక్కింటి గుమ్మం ఎక్కింది. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. గూట్లో నాలాంటిదే మరో డబ్బా, సగం నిండి, సిలువతో కూర్చుని ఉంది.

"చేట తే," అంది సలోమమ్మ. నాలుగేళ్లలో అదే మొదటి మాట.

నన్ను చేటలోకి వంపింది. ఎస్తేరు భయంగా చూసింది.

"ఇయ్యి కూడా దేవుడియ్యేగా అక్కా."

"నాకు తెలవదా? ఎసరు పెట్టు."

"రేపు మందిరంలో ఏం జెప్తావు?"

"ముందు ఎసరు పెట్టవే. పిల్లదాని మొకం చూడు."

మర్నాడు మందిరంలో ఎస్తేరు డబ్బా గలగలమంటూ గోతంలోకి ఒలికింది. నా వంతు వచ్చింది. పాస్టరమ్మగారు నన్ను బోర్లిస్తే రెండు గింజలు రాలాయి. నమ్మలేక అడుగున తట్టి కూడా చూశారు. ఏమైందని అడిగారు. వెనకనుంచి ఎస్తేరు లేవబోయింది. సలోమమ్మ అంతకంటే ముందే లేచింది.

"మేమే వండుకు తిన్నామమ్మగారూ."

నా రేకు అదిరింది. పన్నెండేళ్లలో ఆ నోట అబద్ధం వినలేదు నేను. తెల్లచీర కట్టగానే సరా అని ఆడవాళ్లలో ఎవరో గొణిగారు. పాస్టరమ్మగారు నన్ను గోడవారకి నెట్టారు.

ఆ తర్వాత ప్రభువు బల్ల. తప్పో పగో మనసులో ఉన్నవాళ్లు ముట్టకూడని రొట్టె అక్కడ పంచుతారు. ఎస్తేరుతో పలకని నాలుగేళ్లూ ప్రతినెలా ముందువరసలో వెళ్లి రొట్టె అందుకున్న మనిషి, ఆ రోజు చాపమీదనుంచి లేవలేదు. దేవుడి ఎదుట బొంకాను కదా అనుకుందేమో. పగ పెట్టుకున్న రోజుల్లో బల్లదాకా నడిచిన కాళ్లు, పగ పోయాక కదల్లేదు. ఖాళీగా ఉన్న నేను పరిశుద్ధమైనదాన్నో, చెడిపోయినదాన్నో కూడా నాకు తెలియలేదు. అడగడానికి మూతేగాని నోరు లేదు.

ఎస్తేరు వరసలో సగందాకా వెళ్లి ఆగింది. వెనక్కి చూసింది. అందరూ బల్లవైపు నడుస్తుంటే ఎదురు నడిచి వచ్చి తోడికోడలి పక్కన నిలబడింది.

"జరుగక్కా," అంది.

సలోమమ్మ కళ్లు తుడుచుకోకుండానే చాపమీద చోటిచ్చింది.