జ్ఞానమ్మ గారి కాల్షియం లెక్క

ఆశాజ్యోతి డాక్టరేట్ జ్ఞానమ్మ గారి ఎముకల్లో ఇరుక్కుపోయింది. అవి గుల్లవుతున్నాయని తేలితే పట్టా, లేకపోతే మళ్ళీ మొదటికి. "ఇంకా ఎన్నాళ్ళే?" అని ఇంట్లో వాళ్ళు అడగడం కూడా మానేశారు. అంతకు మించిన అవమానం ఏముంటుంది చెప్పండి!

ఆశాజ్యోతి పరిశోధన పైకి చూస్తే తేలికే. తిండితో కాల్షియం, ఫాస్ఫరస్ ఎంత లోపలికి వెళ్ళాయి, ఒంట్లోంచి ఎంత బయటికొచ్చాయి అని కొలవాలి. బోదె కాలువలోంచి చేలోకి వచ్చే నీటికంటే గండిలోంచి పోయేది ఎక్కువైతే చేను ఎండుతుంది, ఇక్కడ ఎముక గుల్లవుతుంది. అందుకని ఆత్రేయపురం దగ్గర ఒక పల్లెలో చర్చి స్త్రీల సమాజం వాళ్ళకి రోజూ రాజమండ్రి నుంచి తూచిన భోజనం క్యారియర్లలో వెళ్ళేది. దాని వెంటే, రోజంతటి మూత్రం పట్టి ఇవ్వమని తలా ఒక పెద్ద ప్లాస్టిక్ క్యాన్. మిగతా దానికి వేరే డబ్బాలున్నాయి గానీ ఆ సంగతి మనకిప్పుడొద్దు.

అందరూ సగం క్యాన్ ఇచ్చి సిగ్గుపడుతుంటే, రిటైరైన టీచరమ్మ జ్ఞానమ్మ గారు మాత్రం మొదటి రోజు నుంచే అంచుదాకా నింపి పంపేవారు. ఆవిణ్ణి చూసి తక్కినవాళ్ళూ పుంజుకున్నారు. ఎంత సహకారం అని ఆశాజ్యోతి మురిసిపోయింది.

తీరా ల్యాబ్‌లో చూస్తే, ఊళ్ళో ఒక్కరూ మిగలకుండా తిన్నదానికంటే పోగొట్టుకుంటున్నదే ఎక్కువ! ఇంకొకరైతే క్యాన్‌ని అనుమానించేవారు. గైడ్ అప్పాజీ గారు గోదావరిని అనుమానించారు. నీళ్ళలోనే ఏదో ఉందన్నారు. 'డెల్టా ఎముక జబ్బు' అని పేరు కూడా పెట్టేసి, నడివయసు దాటిన ఆడవాళ్ళందరికీ ఇంజెక్షన్లు వేయించాలని సిఫార్సు రాశారు. నామకరణం అయ్యాక జబ్బు లేదంటే బాగోదు కదా!

వైవాకి ముందు ఇంకొక్క శాంపిల్ కావాలంటే ఆశాజ్యోతి తనే క్యాన్ పట్టుకుని బయల్దేరింది. వెళ్ళేసరికి జ్ఞానమ్మ గారు బియ్యం బస్తా చంకనేసుకుని వంటింట్లోకి నడుస్తున్నారు.

"ఆంటీ, దించేయండి! మీ ఎముకలు..."

"నా ఎముకలకేమైందమ్మా?" అని ఆవిడ బస్తా దించి, క్యాన్ చూడగానే గోడ మీంచి కేకేశారు. "బుల్లెమ్మొదినా! క్యాన్ వచ్చింది, రా!"

పక్కింటి బుల్లెమ్మ గారు కొంగు దోపుకుంటూ హాజరయ్యారు. ఆవిడ స్టడీలో లేరు. ఆ మాటకొస్తే చర్చిలోనూ లేరు.

"ఈవిడెందుకండీ?" అంది ఆశాజ్యోతి.

"మీరు రోజూ కడుపు నిండా భోజనం పంపుతుంటే, గిన్నె వెలితిగా తిప్పి పంపుతామా తల్లీ? మర్యాదేనా? నా ఒక్కదాని వల్ల అంత క్యాన్ ఎక్కడ నిండుద్ది? వదిన కూడా ఓ చెయ్యేసింది."

"మరి మిగతా వాళ్ళు?"

"అందరం అంతేనమ్మా. రెబెక్కా ఇంట్లో అయితే పాపం, కోడలు కూడా సాయం పట్టింది."

ఆశాజ్యోతి అరుగు మీద కూలబడింది. నవ్వు రావాల్సిన చోట ఏడుపొచ్చింది.

సంగతంతా విని అప్పాజీ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "దానికేముందమ్మా, బుల్లెమ్మ గారిని కూడా పాత తేదీ వేసి స్టడీలో చేర్చేద్దాం."

"ఆవిడ ఇంట్లో ఏం తిన్నారో మనకి తెలీదు కదా సార్."

"నీకు డాక్టరేట్ కావాలా, బుల్లెమ్మ గారి ఇంటి కూర కావాలా?"

కావాల్సింది డాక్టరేటే, అబద్ధమెందుకు! నోరు మూసుకుని వైవాకి వెళ్ళింది. పరీక్షకులు పూతరేకులు తింటూ ఆహా అన్నారు. అంతా సవ్యంగానే నడిచి, తెర మీదికి ఇంజెక్షన్ల సిఫార్సు వచ్చింది. బస్తా మోసే ఆ చేతికి సూది గుచ్చుతారా అనుకునేసరికి ఆశాజ్యోతి చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"సార్, ఇది ఒక్కొక్కరి మూత్రం కాదండి," అని మొదలెట్టి, పూస గుచ్చినట్టు మొత్తం చెప్పేసింది.

అప్పాజీ గారు ఫ్యాన్ వంక చూస్తున్నారు. పరీక్షకుల్లో పెద్దాయన చేతిలోని పూతరేకు ప్లేటులో పెట్టేశారు. "అయితే ఇన్నేళ్ళలో ఆ ఆడవాళ్ళ ఎముకల గురించి మీకు తెలిసిందేంటమ్మా?"

"ఏమీ తెలీదండి," అంది ఆశాజ్యోతి, డాక్టరేట్ కళ్ళ ముందే గోదాట్లో కలిసిపోతుంటే.

ఆ డిపార్ట్‌మెంట్ పెట్టిన నాటి నుంచి అక్కడ తేలిన మొదటి నిజం అదే.