మొదటి ముక్క

మా బేకరీలో మొదటి ముక్క అత్తగారిది. ఆవిడ నమిలి తల ఊపాకే కేకయినా బన్నయినా అద్దాల బీరువాలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఇంకెవరైనా రుచి చూస్తే ఆవిడ నాలుకను అవమానించినట్టే. అందుకే కేకు చెడిన సంగతి మాకంటే ముందు వీధికి తెలిసింది.

"ఏమ్మా, కేకులో చక్కెర బదులు ఉప్పు పోశారా?" ఎదురు కొట్టు దర్జీ పిన్ని సగం తిన్న కేకు తెచ్చి నా ముందు పెట్టింది. "మా ఆయన ఒక ముక్క తిని కుండెడు నీళ్ళు తాగాడు. పెళ్ళయ్యాక మొదటిసారి నా వంటే నయమన్నాడు, అదొక్కటే లాభం."

కొంచెం నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు కషాయం.

"నేను తిన్నప్పుడు బాగానే ఉందే," అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండా.

తర్వాత క్రీము పులిసింది. ఆ తర్వాత బన్నులు మాడాయి. నేను మేడ మీదే వాసన పట్టి పరుగెత్తుకొస్తే, ఆవిడ పొయ్యి పక్కనే కూర్చుని తాపీగా బాదంపప్పు తొక్క తీస్తున్నారు.

"ఎవడో మన కొట్టు మీద కన్నేశాడు," అన్నారు మావారు. "ఆ టీకొట్టు మీసాలాయనే అయ్యుంటాడు. వెనక కిటికీలోంచి చెయ్యి పెట్టి డబ్బాలు తారుమారు చేస్తున్నాడు."

వెంటనే ఆ కిటికీకి చెక్కలు అడ్డం పెట్టి మేకులు కొట్టేశారు. ఒక్కో చెక్కకీ వంటగది ఇంకాస్త చీకటయింది.

"ఇక చీమ కూడా దూరదు," అన్నారు గర్వంగా.

ఆ సాయంత్రం పాల గిన్నె మూత తీస్తే ముక్కు పగిలే వాసన. "పాలు పాడయ్యాయేమో చూడండి అత్తయ్యా," అన్నాను. ఆవిడ గిన్నెను ముక్కు దగ్గరికి తీసుకుని, గట్టిగా పీల్చి, "శుభ్రంగా ఉన్నాయి," అన్నారు.

మావారితో చెప్తే విరుచుకుపడ్డారు. "మా అమ్మ నాలుకనే అనుమానిస్తావా? ఈ కొట్టు నిలబడిందే ఆ నాలుక మీద!"

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. మెట్లు దిగుతుంటే గుప్పుమంది. గ్యాసు. కింద వంటగది తలుపు మూసి ఉంది. అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించేది అత్తగారే. రాత్రి ఆ పొయ్యి కట్టేసిందీ ఆవిడే.

తలుపు తోశాను. చీకట్లో నిలబడి ఉన్నారు, ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల.

"గియ్యకండి!"

మణికట్టు పట్టుకుని లాగాను. పొయ్యి మర తడిమితే సగం తెరిచే ఉంది. కట్టేశాను. కిటికీ వైపు వెళ్ళబోతే చేతికి మేకులు తగిలాయి. ముందు వైపు షట్టరు ఎత్తి ఆవిడను వీధిలోకి తీసుకొచ్చాను.

"ఏమైందే? పీడకల గానీ వచ్చిందా?"

"గ్యాసు అత్తయ్యా. మీకు వాసన రాలేదా?"

ఆవిడ చేతిలోని పుల్ల వైపు చూశారు. "మొన్నటి జ్వరం తగ్గినప్పటి నుంచీ ఏదీ తెలీడం లేదే. ఉప్పైనా ఒకటే, చక్కెరైనా ఒకటే." గొంతు తగ్గించారు. "వాడికి చెప్పకు. నాలుక పోయాక ఈ కొట్టులో నేనెందుకు?"

అలికిడికి మావారు కర్ర పట్టుకుని దిగొచ్చారు. "దొరికాడా? ఎవడు వాడు?"

అత్తగారే పుల్లని పెట్టెలో పెట్టేసి అన్నారు. "నేనేరా. ముందా కిటికీ తెరువు."

ఇప్పుడు మొదటి ముక్క ఆవిడ తుంచి నా చేతికిస్తారు. నేను నములుతున్నంతసేపూ నా మొహమే చూస్తుంటారు. పొయ్యి మాత్రం ఇప్పటికీ ఆవిడదే. వెలిగించే ముందు మెట్ల దగ్గర నిలబడి, "దిగి వాసన చూసిపోవే," అని కేకేస్తారు.

ఆ కేక ఆలస్యమైన రోజున మంచం మీదే ఊపిరి బిగబట్టి వింటాను, అగ్గిపుల్ల గీసిన చప్పుడేమైనా వస్తుందేమోనని.