నాలుగు రంగుల ఫైళ్ళు

చెల్లెలు పోయిన రోజు మధ్యాహ్నం, వచ్చినవాళ్ళు కాస్త పలచబడ్డాక, తల్లి ఒక్కటే ప్రశ్న అడిగింది.

"మూడేళ్ళు తిరిగారు కదే. ఒక్క డాక్టరుకైనా ముందే ఎందుకు అంతుపట్టలేదు?"

ఇరవై రెండేళ్ళుగా బడిలో పిల్లల చేత జవాబులు చెప్పించిన పెద్దకూతురు, ఆ టీచరు, వచ్చినవాళ్ళు వదిలివెళ్ళిన గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది.

చెల్లెలు ఇంటింటికీ ఉత్తరాలు పంచేది. పెద్ద వాగుడుకాయ. అందుకే ఇంట్లో అందరికీ పిచ్చుక. ఒక సాయంత్రం ఎండనపడి వచ్చేసరికి రెండు బుగ్గలూ, మధ్యలో ముక్కు దూలమూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సీతాకోకచిలుక రెక్కలు విప్పి వాలినట్టుంది ఆ ఎరుపు.

"ఏం చెయ్యనక్కా! ఎవరూ పుచ్చుకోని ఎండంతా నాకే డెలివరీ అయింది" అని నవ్వింది.

తర్వాత పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి సంచీ జిప్పు లాగలేకపోయేది. ఆ తర్వాత నోట్లో పుళ్ళు. మెట్లెక్కితే ఆయాసం.

టీచరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒక్కో డాక్టరుకి ఒక్కో ఫైలు పెట్టింది. చర్మానికి ఎరుపు, కీళ్ళకి నీలం, పళ్ళ డాక్టరుకి పసుపు, రక్తహీనతకి ఆకుపచ్చ. లెక్కల పుస్తకంలో సైన్సు రాస్తే క్లాసులో ఊరుకునేది కాదు, ఇక్కడా అంతే. ఏ డాక్టరు దగ్గరికి ఆ ఫైలే. మిగతావి బీరువాలో.

చర్మం డాక్టరు ముందు పిచ్చుక ఆగలేకపోయింది.

"సార్, పొద్దున్నే నా వేళ్ళు కూడా..."

టీచరు మోచేత్తో పొడిచింది. "అది ఈయన సబ్జెక్టు కాదే. బయట ఎంతమంది కూర్చున్నారో చూడు."

"సరే టీచర్" అని పిచ్చుక చేతులు కట్టుకుంది. డాక్టరు నవ్వి, పైపూత మందు రాశాడు.

మూడో ఏడు కాళ్ళు వాచాయి. మూత్రం నురగ కట్టింది. ఆసుపత్రిలో చేర్చుకున్న డాక్టరమ్మ, పాత కాగితాలు ఉన్నాయా అని అడిగింది.

"ఏవి కావాలండీ?"

"అన్నీ."

టీచరు ఇంటినుంచి తెచ్చిన నాలుగు ఫైళ్ళూ ఆమె విప్పి, కాగితాలన్నీ మంచం మీద తేదీల వరసలో పరిచింది. చాలాసేపు చూసింది.

"ఇవి నాలుగు జబ్బులు కావండీ, ఒక్కటే అనుకుంటున్నాను. లూపస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడుతుంది. రక్తపరీక్షలు చేసి, కిడ్నీ ముక్క తీసి చూస్తే రూఢి అవుతుంది. వీటిని ఇలా పక్కపక్కన ఎవరూ చూడలేదా?"

పిచ్చుక అక్క వైపు చూడలేదు. "ఇప్పుడు మీరు చూశారుగా, డాక్టర్ గారూ" అంది.

పరీక్షలూ అదే చెప్పాయి. మందులు మొదలయ్యేసరికే కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయి. ఎనిమిది నెలలు నెట్టుకొచ్చింది.

చివరి వారంలో అక్క చెయ్యి పట్టుకుని, "అమ్మ అడిగితే నామీదే పెట్టు. డాక్టర్ల దగ్గర నేనే నోరు విప్పలేదని చెప్పు" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "నమ్మదనుకో" అంది.

నెల దాటింది. కాగితాలన్నీ ఇప్పుడు తేదీల వరసలో ఒకే ఫైలులో ఉన్నాయి. తల్లి ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. టీచరు ఇంకా జవాబు చెప్పలేదు.