ఆదివారం తలనూనె

మహబూబాబాద్‌లోని మా అత్తగారింట్లో ఆదివారం పొద్దున కోడళ్ళ తలలకు నూనె పెట్టేది మా అత్తమ్మ కట్టమ్మే. నా తల పది నిమిషాల్లో అయిపోయేది. "లే బిడ్డా, అయిపోయింది" అనేది. నా తర్వాత వచ్చిన తోటికోడలు శోభారాణికి మాత్రం గంట పట్టేది. దానిది ఉంగరాల జుట్టు. ఒక్కో పాయ విడదీస్తూ, ముచ్చట్లు చెప్పుకుంటూ, మధ్యలో చాయ్ కూడా తాగేవాళ్ళు. అవతల గిన్నెలు తోముతున్న నా చేతుల్లో వాటికి చిల్లు పడడం ఒక్కటే తక్కువ.

నా కడుపుమంటకు ఇంకో కారణం ఉంది. నాదీ ఉంగరాల జుట్టే. పెళ్ళిచూపులకు ముందు హన్మకొండలో మందు పెట్టించి, ఉంగరాలు పోయేలా సాఫు చేయించాను. "పుట్టుకతోనే ఇంత సాఫుగున్నదా?" అని అత్తమ్మ అడిగితే ఔనన్నాను. అప్పటినుంచి పుట్టింటికని చెప్పి, ఆర్నెల్లకోసారి కుదుళ్ళకు మందు పెట్టించుకొస్తున్నాను. ఉన్నదాన్ని పాడుచేసుకుని, ఇప్పుడు అదే జుట్టు శోభ తలమీద చూసి ఏడుపు.

ఆ గంట నాకూ కావాలి. అందుకే పార్లర్‌కు పోయి జుట్టుకు ఉంగరాలు తిప్పించుకుంటానన్నాను. అత్తమ్మ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "శోభను తోడు తీస్కపో" అంది. పోయి పోయి దాన్నే!

పార్లర్‌లో మున్నవర్ బేగం నా జుట్టును వేళ్ళతో పట్టి చూసింది.

"ఇంతకుముందు స్ట్రెయిటెనింగ్ చేయించినవా అక్కా? నిజం చెప్పు. దానిమీద మళ్ళ ఈ మందు పడితె వెంట్రుకలు ఆగయి."

పక్క కుర్చీలో శోభ ఇటే చూస్తోంది.

"లేదు, పుట్టుకతోనే గిట్ల" అన్నాను.

రెండోసారి అడిగింది. రెండోసారీ అదే చెప్పాను.

చుట్టిన రోలర్లు విప్పుతుంటే నా జుట్టు వాటితోపాటే ఊడొచ్చింది. "యా అల్లా" అని మున్నవర్ కుర్చీలో కూలబడింది. తర్వాత మిగిలినదాన్ని చెవుల పైదాకా కత్తిరించింది. శోభ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, తన చున్నీ తీసి నా తలమీద కప్పింది. శోభ ఇంత మంచిదని తెలియడం నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ ఆదివారం నేను నూనెకు పోలేదు. అత్తమ్మే పిలిచింది.

"ఇంకేమున్నదని అత్తమ్మా?" అన్నాను.

చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆమె వేళ్ళు నా కుదుళ్ళ దగ్గర ఆగాయి.

"మొదటి ఆదివారమే తెల్సింది నాకు. కుదుళ్ళు ఉంగరాలు తిరిగున్నయ్. నా చెయ్యి అక్కడ ఆగితె నువ్వు బిగుసుకపోతుంటివి. బయటపడ్తదని భయపడ్తున్నవ్ గదా అని జల్ది లేపేదాన్ని."

బెత్తెడు జుట్టు మీద అత్తమ్మ గంటసేపు చేతులు తీయలేదు. శోభ మాకు చాయ్ తెచ్చిచ్చి, దువ్వెన పట్టుకుని గడపలో కూర్చుంది.

"అయిపోయిందా అత్తమ్మా?" అని అడిగింది చివరికి.

"ఇంకా కాలే" అన్నాను నేనే.