మంచు కరిగేదాకా

ఆదివారం వండే బంగాళదుంపలు శనివారం సాయంత్రానికే ఒలిచి నీళ్ళలో వేసి ఉంచాలి. హాలండ్ నుంచి ఓడెక్కి వచ్చిన తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో అదే నియమం. ఆదివారం కత్తి పట్టకూడదు, బూట్లు తుడవకూడదు, మేకు కొట్టకూడదు, ట్రాక్టరు ముట్టుకోకూడదు. అది విశ్రాంతి దినం. అందుకని శనివారం నాడు ఆ ఇంటి కోడలు అలీడా రెండు రోజుల పని ఒక్క రోజులో చేసేది, ఆదివారం నాడు మళ్ళీ ఆదివారం పని చేసేది. మాంసం పొయ్యిలోకి ఎక్కించడం, దుంపలు ఉడకబెట్టడం, చర్చి నుంచి వచ్చిన చుట్టాలకి కాఫీలు అందించడం, గిన్నెలు కడగడం. ఇవేవీ పని కిందకి రావు. రావని ఎవరు తేల్చారో ఆమెకి తెలీదు గానీ, తేల్చినవాడు జన్మలో ఒక్క గిన్నె కూడా కడిగి ఉండడని మాత్రం బల్ల గుద్ది చెప్పగలదు.

ఆ శనివారం దుంపలు ఒలుస్తూ ఉండగానే రేడియోలో హెచ్చరిక వచ్చింది. మూడు రోజుల వానకి నది పొంగుతోందనీ, రేపు వంతెన దగ్గర గట్టు దాటుతుందనీ, పల్లంలో ఉన్న ఇళ్ళవాళ్ళు ఖాళీ చెయ్యాలనీ చెప్పారు. అదే గొంతు, ఊపిరైనా తీసుకోకుండా, ఉత్తరం నుంచి చలిగాలి దిగుతోందనీ, తెల్లవారుజామున గడ్డకట్టేంత చలి ఉంటుందనీ, పూత మీదున్న తోటలకి ప్రమాదమనీ కూడా చెప్పింది. మే నెల మొదలు. పొలం నిండా బ్లూబెర్రీ పూత. అలీడా చేతిలో దుంప అలాగే ఉండిపోయింది.

కాఫీ వేళకి మామగారు హార్మన్, భర్త గెరిట్ బల్ల దగ్గర కూర్చుని వాదించుకుంటున్నారు.

"నది ఒడ్డునున్న పంపు ఇప్పుడే లాగెయ్యాలి. నీళ్ళెక్కితే పంపు గల్లంతే," అన్నాడు హార్మన్.

"లాగేస్తే పూత మీద నీళ్ళు చిమ్మేదెలా నాన్నా? తెల్లారేసరికి చలికి మాడిపోయి ఉంటుంది."

"ఉంచితే పంపు పోతుంది, తీస్తే పూత పోతుంది. దేవుడు ఏది చూపిస్తే అది."

అలీడా కాఫీ పోస్తూ అంది: "నది దగ్గర తీసేసి పొలం మధ్య కాలవలో పెడితే పోలా? వానలకి అదీ నిండుగానే ఉంది. ఇంకో నాలుగు గొట్టాలు కలుపుకోవాలి, అంతేగా."

ఎవరూ తలెత్తలేదు. "పాలు ఇటు జరుపు," అంది అత్తగారు హెండ్రికా.

కాసేపయ్యాక గెరిట్ కప్పు కింద పెట్టి, "నాన్నా, కాలవలో పెడితే ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు. హార్మన్ గడ్డం నిమురుకున్నాడు. హెండ్రికా ముఖం చేటంతైంది. "చూశారా! వీడిది అచ్చం మీ బుర్రే."

అలీడాకి ఒళ్ళు మండింది గానీ కొత్తగా మండింది కాదు. ఆ ఇంట్లో ఆమె మాట ముందు గెరిట్ చెవిలో నానాలి, ఆ తర్వాత అతని నోట్లోంచి ఊడిపడాలి. అప్పుడు గానీ దాన్ని మాటగా లెక్కెయ్యరు. ఆమె బురద బూట్లు తొడుక్కుని వెళ్ళింది. గొట్టాలు ఒక కొస గెరిట్ పట్టుకుంటే రెండో కొస ఆమే పట్టుకుంది. చీకటి పడేలోపు పంపు కాలవ గట్టుకి చేరింది. రాత్రి భోజనాల దగ్గర హార్మన్ ప్రార్థనలో "నా కుమారుడి కష్టాన్ని దీవించు ప్రభువా" అన్నాడు. ప్రభువుకైనా రెండో కొస ఎవరు పట్టుకున్నారో కనిపించిందో లేదో మరి.

పై పొలం హార్మన్ నాటింది. కింద పొలం, నదికి ఆనుకున్నది, అలీడాది. ఆమెది అంటే కాగితాల మీద కాదు. నీళ్ళు నిలుస్తాయని ఎవరూ పట్టించుకోక వదిలేసిన నేల చెక్క అది. పెళ్ళయిన మూడో ఏడు ఆమె అక్కడ కొమ్మలు గుచ్చింది. చలికాలం వచ్చిందంటే మోకాళ్ళ లోతు మంచులో నిలబడి ఒక్కో పొదనీ కత్తిరించింది. వేళ్ళు కొంకర్లు పోయేవి. బ్లూబెర్రీ పొద ఏళ్ళ తరబడి ఓపిక అడుగుతుంది. "పోనీలే, పిల్లా జెల్లా లేని మనిషి, ఏదో కాలక్షేపం" అనేది హెండ్రికా వచ్చినవాళ్ళతో, అలీడా వినేలాగే. ఒకసారి జనాభా లెక్కల మనిషి గుమ్మంలో నిలబడి "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అని అడిగితే గెరిట్, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. అప్పుడే పొలం నుంచి వచ్చి, చేతిలో కత్తెర ఇంకా దించకుండానే, ఆ మాట విన్నది ఆమె. ఆ మనిషికి కాఫీ కూడా ఆమే ఇచ్చింది.

ఈ ఏడు మొదటిసారి కింద పొలం నిండా పూసింది. పొద పొదకీ తెల్లగా, గుత్తులు గుత్తులుగా పూత. పోయిన క్రిస్మస్ నాడు గెరిట్ మంచి హుషారులో ఉండి, "ఈసారి కింద పొలం పళ్ళు వేరే డబ్బాల్లో పంపిద్దాం. డబ్బా మీద నీ పేరే అచ్చు వేయిస్తాను" అన్నాడు. ఆ ఇంటి డబ్బాలన్నిటి మీదా 'హార్మన్, కుమారుడు' అనే ఉంటుంది. అతను అన్న మాట అతనికి గుర్తుందో లేదో. ఆమెకి మాత్రం ఆ రోజు నుంచీ అదే లోకం. సంతలో ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి డబ్బా చేతిలోకి తీసుకుని "అలీడా" అని చదువుతుందని తలుచుకుని, అంట్లు తోముతూ తనలో తనే నవ్వుకునేది.

తెల్లవారుజామున పంపు మొదలైంది. పొలాలంతటా స్ప్రింక్లర్లు సన్నగా నీళ్ళు చిమ్ముతుంటే, ఆ నీళ్ళు పూత మీద గడ్డకడుతూ వచ్చాయి. గడ్డకట్టేటప్పుడు నీరు కాస్త వేడి విడుస్తుంది. ఆ కాస్త వేడే పువ్వు ప్రాణం నిలబెడుతుంది. ఒకటే షరతు. మొదలుపెట్టాక ఆపకూడదు. మంచు దానంతటది కరిగి కారిపోయేదాకా నీళ్ళు పడుతూనే ఉండాలి. మధ్యలో ఆపితే అదే మంచు పువ్వులో ఉన్న వేడిని పీల్చేస్తుంది. అసలు నీళ్ళు పెట్టకపోయినా అంత నష్టం ఉండదు. ఈ సంగతి ఆ చుట్టుపక్కల నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

ఎండ వచ్చేసరికి పై పొలంలో మంచు కారడం మొదలైంది. కింద పొలంలో లేదు. చలి పల్లానికే దిగి కూర్చుంటుంది, పైగా నది పక్కన చెట్ల నీడ. చివరి వరసల్లోకి అప్పటికే వరద నీళ్ళు వచ్చేశాయి. అలీడా ఆ నీళ్ళలోనే తిరుగుతూ, గడ్డకట్టుకుపోతున్న స్ప్రింక్లర్లని కర్రతో తట్టి విడిపిస్తోంది. చేతులకి స్పర్శ లేదు. అయినా మనసులో సంతోషంగానే ఉంది. ఇంకో గంట గడిస్తే గట్టెక్కినట్టే.

నల్ల కోటు తొడుక్కుని హార్మన్ గట్టు మీదకి వచ్చాడు. వెనకే గెరిట్, అతనూ కోటులోనే.

"ఇంక కట్టెయ్యండి. ఆరాధనకి వేళైంది."

"మామయ్యా, కింద ఇంకా కరగలేదు. గంట ఆగితే చాలు. మీరు వెళ్ళండి, నేనుంటాను."

"ఊళ్ళో కార్లన్నీ మన గేటు ముందు నుంచే పోతాయి. చర్చి సంఘపెద్దనైన నా పొలంలో ఆదివారం నాడు మిషను మోతా? అదీ ఇవాళ? గెరిట్‌ని చర్చిలో డీకన్ పదవికి ఎన్నుకునే రోజున?" హార్మన్ గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు, ఆ అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. "గుంటలో పడ్డ ఎద్దుని ఆదివారమైనా లాగమన్నాడు దేవుడు. లాగాం. లాగాక కూడా దాని తోక పట్టుకుని కూర్చోమన్లేదు."

"కిందటి వరదకి చర్చి చుట్టూ ఇసుక బస్తాలు వేసింది ఆదివారమే కదా మామయ్యా?"

వరండాలోంచి హెండ్రికా కేక పెట్టింది. "అది దేవుడి మందిరం! ఇవి నీ బ్లూబెర్రీలు! మామగారితో ఆ ఎదురు మాటలేంటి?"

ఆ వరదప్పుడు బస్తాలు మోసిన మగవాళ్ళ పేర్లన్నీ పాస్టర్ గారు ఆరాధనలో చదివి కృతజ్ఞతలు చెప్పారు. చర్చి నేలమాళిగలో ఊరందరికీ బఠానీ సూపు కాచిన ఆడవాళ్ళు ఆ పేర్లు వింటూ వెనక బెంచీల్లో కూర్చున్నారు. వాళ్ళలో అలీడా ఒకతె. అప్పుడు ఆమెకి ఏమీ అనిపించలేదు. ఇప్పుడు, పాదాలు నీళ్ళలో కొయ్యబారిపోతుంటే, అనిపిస్తోంది.

ఆమె భర్త వైపు తిరిగింది. "గెరిట్, నువ్వు చెప్పు. ఇప్పుడు ఆపితే ఏమవుతుందో నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు గెరిట్. నిన్న సాయంత్రం ఆమె తుడిచి మెరిపించిన బూట్ల వంక చూసుకున్నాడు. "పై పొలం బతికింది కదా అలీడా. కింద పొలం... ఎటూ వరద వస్తోంది. ఒక్క ఏడాదేగా. ఇవాళ నా రోజు, అర్థం చేసుకో."

తెలీక ఆపితే ఆమె గొంతు చించుకుని అరిచేది. తెలిసీ ఆపుతున్నవాడితో ఏమని అరుస్తుంది? అతను వంగి పంపు కట్టేశాడు. పంపు తాళంచెవి తీసి కోటు జేబులో, ప్రసంగంలో చప్పరించే పెప్పర్‌మింట్ బిళ్ళల పక్కన వేసుకున్నాడు. మోత ఆగింది. గాలి చప్పుడు, నది చప్పుడు వినబడ్డాయి.

"మాంసం పొయ్యిలో పెట్టావా?" హెండ్రికా కారెక్కుతూ అడిగింది. "పాస్టర్ గారూ పాస్టరమ్మ గారూ ఇవాళ మనింటికే భోజనానికి. గబగబా బట్టలు మార్చుకుని రా."

"మీరు వెళ్ళండి."

"ఏం రోగం?" అంటూనే హెండ్రికా మళ్ళీ తనే సర్దుకుంది. "సరేలే, తలనొప్పని చెప్తాను. మాంసం మాత్రం మాడనివ్వకు."

కారు వెళ్ళిపోయింది. వెనకే ఊళ్ళో కార్లన్నీ ఒకదాని వెంట ఒకటి, నెమ్మదిగా, నిశ్శబ్దంగా ఉన్న సంఘపెద్ద పొలం ముందు నుంచి వెళ్ళాయి.

చెయ్యడానికి ఏమీ లేదు. మంచు దులిపితే పూత కూడా రాలుతుంది. అలీడా వరసల మధ్య ఉత్తినే నిలబడింది. ప్రతి గుత్తీ అద్దంలో పెట్టినట్టు మెరుస్తోంది, చూస్తే ఎవరైనా ఎంత బావుందో అంటారు. లోపల అవి చస్తున్నాయని తెలుసు, చస్తుంటే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో తనెవరు అని అడిగితే జవాబు చెప్పడానికి ఈ పొలం ఉండేది ఆమెకి. కోడలంటే అత్తగారి చేతికింద మనిషి, పెళ్ళామంటే రెండో కొస పట్టుకునే మనిషి, కానీ ఇక్కడ, ఈ పల్లంలో, తను ఒక పనిమంతురాలు. అది ఎవరూ ఒప్పుకోకపోయినా పొదలకి తెలుసు. గెరిట్‌కి కూడా తెలుసనుకుంది. అతను పంపు ఆపింది పగతో కాదు, కోపంతో కూడా కాదు, పాపం అతను ఆమెని ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. రెండిట్లో ఒకటి పోవాల్సి వస్తే ఏది పోవాలో మాత్రం అతనికి తడుముకునే పని లేకపోయింది.

మధ్యాహ్నానికి మంచు పోయింది. అలీడా ఒక పువ్వు తుంచి గోటితో చీల్చింది. లోపల పచ్చగా ఉండాల్సిన బొడ్డు నల్లబడిపోయింది. ఇంకో పువ్వు, అదీ నలుపే. పక్క పొద, దాని పక్క పొద. వరస మారింది. ఒక్కటి, ఒక్కటైనా పచ్చగా కనబడుతుందేమోనని నీళ్ళలో పడుతూ లేస్తూ చివరి వరసదాకా వెళ్ళింది. అక్కడ నది మోకాళ్ళ దాకా వచ్చేసింది. అక్కడ నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ వినే భయం లేదు కాబట్టి బిగ్గరగానే ఏడ్చింది.

కార్లు తిరిగొచ్చిన చప్పుడైంది. కాసేపటికి గెరిట్ గట్టు మీదకి వచ్చాడు, బూట్లకి బురద అంటకుండా అక్కడే ఆగిపోయాడు.

"నన్ను ఎన్నుకున్నారు," అన్నాడు మొదట.

ఆమె అరచెయ్యి చాపింది. చీల్చిన పువ్వులు. అతను చూశాడు. "అయ్యో," అన్నాడు. బాధపడ్డాడు, నిజంగానే. "వచ్చే ఏడు చూసుకుందాంలే. అలీడా, పొయ్యి చల్లగా ఉందట. అమ్మ గోల పెడుతోంది. పాస్టర్ గారు వాళ్ళొచ్చి కూర్చున్నారు, పరువు పోతుంది. రా, వచ్చి ఏదో ఒకటి వండు."

"ఇవాళ ఆదివారం, గెరిట్."

"అయితే?"

"పని చెయ్యకూడదు."

గెరిట్ నుదురు చిట్లించాడు. "వంట చెయ్యడం పనేంటి?"

ఎగతాళికి అన్నా బాగుండేది. దెప్పడానికి అన్నా సర్దుకునేది. అతను నిజంగానే, ఏమీ అర్థం కాక అడిగాడు. ఇన్నేళ్ళుగా ఈ మనిషి పక్కనే పడుకుంటోంది ఆమె. అలీడా చేతిలో పువ్వులు నీళ్ళలోకి వదిలేసింది.

"పని కాదుగా. అయితే నువ్వు చెయ్యి. పాపం అంటదు."

అతన్ని దాటుకుని ఇంటికి నడిచింది. ఎప్పుడూ వెళ్ళే వంటింటి గుమ్మం వైపు పోలేదు. ముందు గుమ్మంలోంచి, బురద బూట్లతోనే, తివాచీ మీదుగా హాల్లోకి వెళ్ళింది. పాస్టర్ గారూ హార్మన్ వరద ఎంత ఎక్కిందో మాట్లాడుకుంటూ సగంలో ఆపేశారు. వంటింట్లో హెండ్రికా మూకుళ్ళు ధనాధనా పడేస్తోంది. ఆ చప్పుడు వినగానే పాస్టరమ్మ గారు, చర్చి టోపీ ఇంకా తియ్యకుండానే, చేతి తొడుగులు లాగేస్తూ లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి. ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా అలా లేచి నిలబడటం ఆవిడకి అలవాటు. "ఏప్రన్ ఎక్కడుందమ్మా అలీడా? నేనూ ఒక చెయ్యేస్తాను," అంది.

అలీడా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మెల్లిగా సోఫాలోకి కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూర్చుంది.

"కూర్చోండి పాస్టరమ్మ గారూ. ఇవాళ మనక్కూడా ఆదివారమే."